వాక్యానికి చెట్టు బొమ్మ గీయడం ఎలా: తెలుగు వాక్యాలతో మొదలుపెడదాం

సింటాక్స్, అంటే వాక్యంలో మాటలు ఎలా అమరుతాయో చెప్పే శాస్త్రం, కొత్తగా చదివేవాళ్లలో చాలామంది వాక్యం కనబడగానే పైన ఒక అక్షరం రాసి, కిందికి చకచకా గీతలు లాగేస్తారు. ముందు ఆ చెయ్యి ఆపండి. ఏ మాటలు కలిసి ఒక గుంపు అవుతాయి, ఆ గుంపు వెళ్లి ఇంకే పెద్ద గుంపులో కలుస్తుంది అని మీరు తేల్చుకున్నాక, ఆ తేల్చుకున్నదాన్ని కాగితం మీద పెట్టే పద్ధతే చెట్టు బొమ్మ. అంటే అసలు పనంతా గీయడానికి ముందే జరగాలి. అందుకే ఈ వ్యాసంలో గీతల కన్నా పరీక్షల గురించే ఎక్కువ చెబుతాను.

ఇంకో మాట. పాఠ్యపుస్తకాల్లో ఉదాహరణలు ఎక్కువగా ఇంగ్లీషువి. ఆ బొమ్మలు బట్టీపట్టి తెలుగు వాక్యాన్ని అందులో ఇరికిస్తే కుదరదు, ఎందుకంటే మన క్రియ చివర వస్తుంది, మన 'మీద', 'కోసం' లాంటివి నామవాచకం తర్వాత వస్తాయి, కర్త చాలాసార్లు అసలు కనబడదు. కాబట్టి మొదటి నుంచీ తెలుగు వాక్యాలతోనే నేర్చుకోండి. మనకు ఏది సహజంగా ఉందో ఏది లేదో మన చెవే చెబుతుంది, సింటాక్స్‌లో అంతకన్నా మంచి పనిముట్టు లేదు.

ముందు గుంపులు కనిపెట్టండి

ఈ వాక్యం తీసుకోండి:

ఆ పొడుగాటి కుర్రాడు పాత సైకిలు అమ్మాడు.

ఆరు మాటలున్నాయి. ఇవి దారానికి పూసలు గుచ్చినట్టు ఒకదాని పక్కన ఒకటి ఊరికే నిలబడలేదు, కొన్ని కొన్నిటికి దగ్గర. 'పాత', 'సైకిలు' ఒక జట్టు అని మీకు వెంటనే తెలుస్తుంది, 'కుర్రాడు', 'పాత' పక్కపక్కనే ఉన్నా జట్టు కావనీ తెలుస్తుంది. ఇలా జట్టుగా పనిచేసే మాటల గుంపును పదబంధం అంటాం. తెలిసిన సంగతే అయినా రుజువు చేయాలి, దానికి నాలుగైదు పరీక్షలున్నాయి.

మొదటిది, బదులు పెట్టి చూడటం. 'ఆ పొడుగాటి కుర్రాడు' తీసేసి 'వాడు' పెట్టండి: వాడు పాత సైకిలు అమ్మాడు. కుదిరింది. 'పాత సైకిలు' తీసేసి 'దాన్ని' పెట్టండి: వాడు దాన్ని అమ్మాడు. ఇదీ కుదిరింది. ఇప్పుడు 'కుర్రాడు పాత' అనే రెండు మాటలకూ కలిపి బదులుగా ఒక్క మాట ఏదైనా దొరుకుతుందేమో చూడండి. దొరకదు.

రెండోది, ప్రశ్న వేయడం. ఎవరు అమ్మారు? ఆ పొడుగాటి కుర్రాడు. ఏం అమ్మాడు? పాత సైకిలు. ఒక ప్రశ్నకు పూర్తి జవాబుగా నిలబడగలిగింది సాధారణంగా పదబంధమే.

మూడోది, జరిపి చూడటం. తెలుగులో ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే మన వాక్యంలో గుంపులు చాలా స్వేచ్ఛగా తిరుగుతాయి. 'పాత సైకిలు ఆ పొడుగాటి కుర్రాడు అమ్మాడు' అంటే బాగానే ఉంది. 'సైకిలు ఆ పొడుగాటి కుర్రాడు పాత అమ్మాడు' అంటే ఏ తెలుగువాడికీ మింగుడుపడదు. గుంపు మొత్తం కదులుతుంది, గుంపులోంచి ఒక ముక్క ఊడి బయటికి రాదు.

నాలుగోది తెలుగువాళ్లకు దొరికిన వరం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష. మనకు మాట చివర అతుక్కునే ఏకారం, ఆకారం ఉన్నాయి కదా, 'సైకిలే', 'సైకిలా?' అన్నట్టు. ఇవి ఎక్కడ పడితే అక్కడ అతుక్కోవు, సాధారణంగా ఒక పదబంధం ముగిసిన చోటే వస్తాయి. 'పాత సైకిలే అమ్మాడు' అంటాం, 'పాత సైకిలా అమ్మింది?' అంటాం. కానీ 'పాతే సైకిలు అమ్మాడు' అనం. అంటే 'పాత' దగ్గర గుంపు ఇంకా ముగియలేదన్నమాట. ఒక మినహాయింపు గుర్తుంచుకోండి: సంఖ్యల దగ్గర ఇది తప్పుదారి పట్టిస్తుంది. 'రెండే సైకిళ్లు అమ్మాడు' అని హాయిగా అంటాం, అయినా 'రెండు సైకిళ్లు' ఒక పదబంధమే, మిగతా పరీక్షలు ఆ సంగతి చెబుతాయి. అందుకే ఒక్క పరీక్షను నమ్ముకోవద్దు, కనీసం రెండిట్లో నెగ్గితేనే గుంపు అని ఒప్పుకోండి.

ఇక కష్టమైన ప్రశ్న. 'పాత సైకిలు' ఒక గుంపు, సరే, అది వెళ్లి ఎవరితో కలుస్తుంది, కర్తతోనా క్రియతోనా? దీనికి 'అదే పని చేయడం' అనే పరీక్ష వాడండి. 'ఆ పొడుగాటి కుర్రాడు పాత సైకిలు అమ్మాడు, వాడి చెల్లెలు కూడా అదే పని చేసింది.' చెల్లెలు చేసిన పని ఏమిటి? పాత సైకిలు అమ్మడం. 'అదే పని చేసింది' అన్న మాటలు కర్మనూ క్రియనూ కలిపి మింగేశాయి, కర్తను బయట వదిలేశాయి. కాబట్టి 'పాత సైకిలు అమ్మాడు' అనేది ఒక గుంపు. దీన్నే క్రియాబంధం అంటాం.

మాటలకు పేర్లు పెట్టండి

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. నామవాచకం (నా), క్రియ (క్రి), విశేషణం (వి), 'ఈ', 'ఆ' లాంటి నిర్దేశకం (ని), 'మీద', 'కోసం', 'గురించి' లాంటి పరసర్గం (ప), ఇవి చాలు. గుంపులకు నామబంధం (నాబం), క్రియాబంధం (క్రిబం), పరసర్గబంధం (పబం). పైన ఉండే మొత్తం వాక్యానికి 'వా'. పుస్తకాల్లో, క్లాసుల్లో ఇవే ఎన్‌పీ, వీపీ, పీపీ, ఎస్ అన్న పేర్లతో కనబడతాయి, మీకు ఏది అలవాటైతే అది రాసుకోండి.

పేరు పెట్టేటప్పుడు అర్థం చూసి కాకుండా నడవడిక చూసి పెట్టండి. 'ఎరుపు', 'ఎర్ర' రెండూ రంగునే చెబుతాయి, కానీ 'ఎరుపుని', 'ఎరుపుకి' అని విభక్తి తగిలించగలం, 'ఎర్ర'కు అలా తగిలించలేం. కాబట్టి మొదటిది నామవాచకం, రెండోది విశేషణం. '-ని', '-కి' లాంటి ప్రత్యయాలను ప్రస్తుతానికి నామవాచకంతో కలిపే ఉంచండి, వాటికి వేరే కొమ్మలు తర్వాత నేర్చుకోవచ్చు.

కింది నుంచి పైకి గీయండి

కాగితం అడుగున వాక్యాన్ని కాస్త ఎడం ఎడంగా రాయండి. ప్రతి మాట మీద దాని పేరు. తర్వాత పరీక్షల్లో నెగ్గిన గుంపులను చిన్నవాటి నుంచి మొదలుపెట్టి కలపండి: 'పాత', 'సైకిలు' కలిసి నాబం, ఆ నాబం, 'అమ్మాడు' కలిసి క్రిబం, 'ఆ', 'పొడుగాటి', 'కుర్రాడు' కలిసి ఇంకో నాబం, చివరికి ఆ నాబం, క్రిబం కలిసి వా. పై నుంచి కిందికి గీస్తే చోటు చాలక గీతలు గజిబిజి అవుతాయి, పైగా పరీక్షించని కొమ్మ ఒకటి ఎక్కడో దూరిపోతుంది.

టైపు చేస్తే ఇలా ఉంటుంది:

వా
├── నాబం
│   ├── ని: ఆ
│   ├── వి: పొడుగాటి
│   └── నా: కుర్రాడు
└── క్రిబం
    ├── నాబం
    │   ├── వి: పాత
    │   └── నా: సైకిలు
    └── క్రి: అమ్మాడు

ఇదే సమాచారాన్ని బ్రాకెట్లతో ఒకే వరసలో రాయొచ్చు:

[వా [నాబం [ని ఆ] [వి పొడుగాటి] [నా కుర్రాడు]] [క్రిబం [నాబం [వి పాత] [నా సైకిలు]] [క్రి అమ్మాడు]]]

బ్రాకెట్లు రాయడం అలవాటు చేసుకోండి. చెట్టు గీసిపెట్టే కంప్యూటర్ పనిముట్లు చాలావరకు ఇలాంటి బ్రాకెట్లనే తీసుకుంటాయి. పుస్తకాలూ వ్యాసాలూ అచ్చుకు కూర్చే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు 'ఫారెస్ట్' అనే ప్యాకేజీ ఉంది, తెలుగు లిపి కోసం లేటెక్ రకాలైన జీలేటెక్‌తో గానీ లువాలేటెక్‌తో గానీ నడపండి.

గీసిన బొమ్మలో రేఖలు కలిసే ప్రతి చోటునూ నోడు అంటారు. పైనున్నది తల్లి, దాని కింద వెంటనే ఉన్నవి కూతుళ్లు, ఒకే తల్లి కూతుళ్లు అక్కచెల్లెళ్లు. నియమాలు మూడే: అన్నిటికీ పైన ఒకే నోడు ఉండాలి, మిగతా ప్రతి నోడుకీ ఒక్కతే తల్లి ఉండాలి, గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు.

బొమ్మ నుంచి సూత్రాలు రాబట్టండి

ఒక చెట్టు గీశాక ప్రతి తల్లినీ దాని కూతుళ్లనూ ఒక సూత్రంగా రాసుకోండి. బాణం గుర్తుకు అర్థం 'ఇది ఈ ముక్కలతో తయారవుతుంది' అని, బ్రాకెట్లో ఉన్నది ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

వా → నాబం క్రిబం
నాబం → (ని) (సంఖ్య) (వి) నా
క్రిబం → (పబం) (నాబం) క్రి
పబం → నాబం ప

వాక్యాన్ని ఇలా ముక్కలుగా, ఆ ముక్కలను మళ్లీ ముక్కలుగా విడదీసే పద్ధతిని అమెరికన్ భాషాశాస్త్రవేత్త లియొనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1933లోనే వివరించాడు. మరో అమెరికన్ భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1957లో దాన్ని ఇలాంటి సూత్రాల రూపంలో పెట్టి, వాటికి ఉన్న పరిమితులను కూడా చూపించాడు. సూత్రాల బలం ఎక్కడ తెలుస్తుందంటే, నాబం సూత్రానికి ఇంకొక్క మెట్టు చేర్చినప్పుడు: నాబం → నాబం నా. ఇప్పుడు 'రవి పుస్తకం' వస్తుంది, 'రవి చెల్లెలి పుస్తకం' వస్తుంది, 'రవి చెల్లెలి స్నేహితురాలి పుస్తకం' వస్తుంది, ఇక దీనికి అంతం లేదు. నాలుగు సూత్రాలతో లెక్కలేనన్ని వాక్యాలు ఎలా పుడతాయో మీ చేతిలోనే కనబడుతుంది, నాకు ఈ చదువులో అన్నిటికన్నా ఆనందం కలిగించే చోటు ఇదే.

ఇప్పుడు ఆ సూత్రాల కుడి కొసలు చూడండి. నాబం నామవాచకంతో ముగిసింది, క్రిబం క్రియతో, పబం పరసర్గంతో. గుంపుకు పేరిచ్చే ఆ ముఖ్యమైన మాటను శీర్షం అంటారు. తెలుగులో శీర్షం చివర ఉంటుంది, అందువల్ల మన చెట్లు ఎడమ వైపుకు పెరుగుతాయి, ఇంగ్లీషు చెట్లు ఎక్కువగా కుడి వైపుకు పెరుగుతాయి. మీరు గీసిన తెలుగు చెట్టు కుడికి వాలి ఉంటే ఎక్కడో ఇంగ్లీషు బొమ్మ దూరిందేమో ఒకసారి చూసుకోండి.

'ఆ', 'పొడుగాటి', 'కుర్రాడు' మూడూ అక్కచెల్లెళ్లుగా పెట్టాం కదా, నిజానికి లోపల ఇంకో గుంపు ఉంది. 'ఆ పొడుగాటి కుర్రాడు, పొట్టి అమ్మాయి కలిసి వచ్చారు' అన్నప్పుడు 'ఆ' ఇద్దరికీ వర్తించగలదు, అంటే 'పొడుగాటి కుర్రాడు' విడిగా ఒక గుంపై 'ఆ'కు చెల్లెలుగా ఉంది. పదానికీ పూర్తి పదబంధానికీ మధ్య ఉండే ఈ అంతస్తును చూపించడానికే 1970 తర్వాత ఎక్స్-బార్ సిద్ధాంతం వచ్చింది. మొదటి పది చెట్లకు అది లేకపోయినా ఫరవాలేదు.

రెండర్థాల వాక్యాల మీద అసలు సాధన

చెట్టు ఎందుకు గీయాలి అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. 'పాత స్నేహితుడి ఇల్లు' అనండి. పాతది ఏది? స్నేహమా, ఇల్లా? మాటలు అవే, వరస అదే, అయినా రెండర్థాలు. తేడా గుంపుల్లోనే ఉంది:

[[పాత స్నేహితుడి] ఇల్లు]
[పాత [స్నేహితుడి ఇల్లు]]

రెండు చెట్లూ గీసి పక్కపక్కన పెట్టుకోండి. మొదటిదాంట్లో 'పాత' లోపలి నాబంలో ఉంది, రెండోదాంట్లో బయటి నాబంలో ఉంది.

ఇంకాస్త పెద్దది: 'రవి నవ్వుతూ వచ్చిన పిల్లాడిని పలకరించాడు.' నవ్వింది ఎవరు? 'నవ్వుతూ' అనే మాట 'వచ్చిన'కు అతుక్కుంటే నవ్వింది పిల్లాడు, 'పలకరించాడు'కు అతుక్కుంటే నవ్వింది రవి. మీరు గీసిన రెండు చెట్లూ సరైనవేనా అని జరిపి చూసే పరీక్షతో తేల్చుకోవచ్చు. 'వచ్చిన పిల్లాడిని రవి నవ్వుతూ పలకరించాడు' అంటే నవ్వు రవిది. ఇక్కడ 'నవ్వుతూ'ను వదిలేసి 'వచ్చిన పిల్లాడిని' ఒక్కటే ముందుకు కదిలింది కాబట్టి, రవి నవ్విన అర్థంలో 'నవ్వుతూ' ఆ నామబంధంలో భాగం కాదని రుజువైంది.

మూడోది, 'నిన్న రవి వచ్చాడని సీత చెప్పింది.' నిన్న జరిగింది రాకనా, చెప్పడమా? రెండూ కావచ్చు. 'రవి నిన్న వచ్చాడని సీత చెప్పింది' అంటే మాత్రం 'నిన్న' లోపలి వాక్యంలో ఇరుక్కుపోయింది, రెండో అర్థం రాదు. ఇలాంటి వాక్యానికి గీసేటప్పుడు 'రవి వచ్చాడు' అనే చిన్న వాక్యానికి ఒక 'వా' పెట్టి, 'అని'ని దాని కుడిపక్కన శీర్షంగా ఉంచి, ఆ మొత్తాన్ని 'చెప్పింది'కి అక్కగా పెట్టండి.

ఇంగ్లీషు పుస్తకాల్లో టెలిస్కోపుతో మనిషిని చూసిన వాక్యం ఒకటి తరచూ కనబడుతుంది, టెలిస్కోపు చూసినవాడి దగ్గరుందా, ఆ మనిషి దగ్గరుందా అని. దాన్ని తెలుగులో వెతక్కండి. 'టెలిస్కోపుతో మనిషిని చూశాను' అంటే సాధనం నా దగ్గరే ఉంది, రెండో అర్థం కావాలంటే 'టెలిస్కోపు ఉన్న మనిషిని' అనాల్సిందే. మన నామబంధంలోకి 'తో', 'మీద' లాంటివి నేరుగా దూరవు, 'ఉన్న' లాంటి క్రియ సాయం గానీ, 'బల్ల మీది పుస్తకం'లోలా రూపం మార్పు గానీ కావాలి. అంటే ఒక భాషలో రెండు చెట్లున్న వాక్యానికి ఇంకో భాషలో ఒకటే చెట్టు ఉండొచ్చు.

చిక్కుపెట్టే తెలుగు వాక్యాలు

కర్త లేని వాక్యం: 'నిన్న వచ్చాను.' క్రియ చివర ఉన్న '-ను' కర్త ఎవరో చెప్పేస్తోంది కాబట్టి, కర్త చోటును వదిలేయకండి, నాబం రాసి దాని కింద సున్నా గుర్తు (∅) పెట్టండి. వినబడని ముక్కకు కూడా చెట్టులో చోటుంటుంది.

క్రియ లేని వాక్యం: 'ఆమె డాక్టరు.' ఇక్కడ టెన్షన్ పడకండి, వా → నాబం నాబం అని గీయొచ్చు. అయితే 'నేను డాక్టర్ని', 'నువ్వు డాక్టరువి' అన్నప్పుడు ఆ రెండో నామవాచకం క్రియలాగే కర్తకు తగ్గట్టు మారుతోంది, 'ఆమె అప్పుడు డాక్టరుగా ఉండేది' అనగానే క్రియ బయటికి వచ్చేస్తోంది. అందుకని కొందరు ఇక్కడ వినబడని క్రియ ఒకటుందని గీస్తారు. రెండిటికీ వాదనలున్నాయి, మీరు ఏది గీసినా కారణం పక్కన రాయండి.

వరస మారిన వాక్యం: 'సైకిలు రవి అమ్మాడు.' ఇప్పుడు కర్మకూ క్రియకూ మధ్య కర్త వచ్చి కూర్చుంది, క్రియాబంధం గీస్తే గీతలు దాటుకుంటాయి. ఒక దారి ఏమిటంటే, కర్మ మొదట క్రియాబంధంలోనే ఉండి తర్వాత ముందుకు జరిగిందని చెప్పి, పాత చోట్లో ఖాళీ గుర్తు పెట్టడం. రెండో దారి, అసలు క్రియాబంధమే లేదని మూడు ముక్కలనూ నేరుగా 'వా' కింద వేలాడదీయడం. ఆస్ట్రేలియాలోని వార్ల్‌పిరి భాష గురించి భాషాశాస్త్రవేత్త కెన్ హేల్ 1980ల్లో రాసినప్పటి నుంచి స్వేచ్ఛగా వరస మారే భాషల విషయంలో ఈ చర్చ నడుస్తూనే ఉంది. తెలుగు వరకు నేను మొదటి దారి వైపే ఉంటాను, కారణం 'తన'. 'రవి తన తమ్ముడిని పిలిచాడు' అంటే తమ్ముడు రవి తమ్ముడే. 'తన తమ్ముడు రవిని పిలిచాడు' అంటే రవి తమ్ముడనే అర్థం సులభంగా రాదు. కర్తా కర్మా ఒకే అంతస్తులో ఉంటే ఈ తేడా ఎందుకు రావాలి? కర్త పైన, కర్మ కింద ఉన్నాయనుకుంటే అర్థమవుతుంది.

మాటల మధ్య బాణాలు గీసే ఇంకో రకం చెట్టు కూడా మీకు ఎదురవుతుంది. అందులో నాబం, క్రిబం ఉండవు, క్రియ నుంచి కర్తకూ కర్మకూ నేరుగా గీతలుంటాయి. అది ఆశ్రిత వ్యాకరణం, ఫ్రెంచి భాషాశాస్త్రవేత్త లూసియెన్ టెన్యేర్ రచన 1959లో వచ్చాక బాగా వ్యాపించింది, కంప్యూటర్‌తో భాషను విశ్లేషించేవాళ్లు ఎక్కువగా అదే వాడతారు. మంచి పద్ధతే, కానీ ఒకే బొమ్మలో రెండూ కలపకండి.

ఇక మీరు గీయండి

తేలిక నుంచి కష్టానికి ఈ వరసలో ప్రయత్నించండి: 'పిల్లలు ఆడారు.' 'సీత ఆ రెండు ఉత్తరాలు చదివింది.' 'రవి బల్ల మీద పుస్తకం పెట్టాడు.' మూడోదాంట్లో 'బల్ల మీద' క్రియాబంధంలోకి వెళ్లాలి, 'పుస్తకం'తో కలిపితే తప్పు, 'బల్ల మీద పుస్తకం' మొత్తానికి 'దాన్ని' పెట్టి చూస్తే ఎందుకో తెలుస్తుంది.

చివరగా ఇది: 'రవి కొన్న పుస్తకం చదివిన అమ్మాయి నవ్వింది.' కంగారుపడకుండా కుడి కొస నుంచి ఎడమకు రండి. నవ్వింది ఎవరు? అమ్మాయి. ఏ అమ్మాయి? పుస్తకం చదివిన అమ్మాయి. ఏ పుస్తకం? రవి కొన్న పుస్తకం. ఒక్కో ప్రశ్నకు ఒక్కో గుంపు:

[వా [నాబం [వా [నాబం [వా రవి కొన్న] పుస్తకం] చదివిన] అమ్మాయి] నవ్వింది]

వాక్యంలో నామబంధం, దానిలో మళ్లీ వాక్యం, దానిలో మళ్లీ నామబంధం, అంతా ఎడమ వైపుకే. గీశాక రెండు ఖాళీలు గుర్తుపెట్టండి: 'కొన్న'కు కర్మ లేదు, అది బయట ఉన్న పుస్తకం; 'చదివిన'కు కర్త లేదు, అది బయట ఉన్న అమ్మాయి. రెండు ∅లూ సరైన చోట పడ్డాయంటే మీ చెట్టు సరిగ్గా వచ్చినట్టే.